కుదురుగా కూర్చున్న మనిషికి దీపం

వైరు బాబాయికి ఆ పేరు ఎవరు పెట్టారో ఆయనకే గుర్తు లేదు. ముప్ఫై ఏళ్లకు పైగా గోడల్లో తీగలు లాగుతున్నాడు కాబట్టి వైరు. పని చేసిన ప్రతిచోటా నలుగురికీ తలలో నాలుకలా ఉంటాడు కాబట్టి బాబాయి. ఇంజనీర్లు, మేస్త్రీలు, టీ తెచ్చే ఆవిడ, ఆఖరికి ఆయనకంటే పదేళ్లు పెద్దవాడైన వాచ్‌మన్ కూడా బాబాయీ అనే పిలుస్తారు. సన్నగా, పొడుగ్గా, నిచ్చెన పక్కన నిలబడితే ఏది నిచ్చెనో ఏది మనిషో ఒకటికి రెండుసార్లు చూసుకోవాల్సినట్టు ఉంటాడు. చొక్కా జేబులో టెస్టరు లేనిదే గడప దాటడు. ఒకసారి చుట్టాలు భోజనానికి పిలిస్తే, వడ్డించిన కంచం ముందునుంచి లేచి, మిణుకుమిణుకుమంటున్న లైటు సరిచేయడానికి కుర్చీ ఎక్కాడు. ఆయన భార్య ఆ సంగతి ఇప్పటికీ మర్చిపోలేదు, ఆయన్నీ మర్చిపోనివ్వదు.

అలాంటి మనిషిని కంపెనీవాళ్లు ఒకరోజు పిలిచి, ఇకమీదట లైట్లకు స్విచ్చి తీగలు ఉండవు, అన్నీ రేడియోతోనే నడుస్తాయి, మూడు రోజులు శిక్షణకు వెళ్లి రమ్మన్నారు. బాబాయికి ఒళ్లు మండింది. "మనిషి చెబితే మనిషే వినడు, గాల్లో చెబితే లైటు వింటుందా?" అని గొణుక్కుంటూ వెళ్లి, మొదటిరోజు చేతులు కట్టుకుని చివరి వరసలో కూర్చున్నాడు. రెండోరోజు ముందు వరసలోకి వచ్చాడు. మూడోరోజు పాఠం చెప్పేవాడు సంచీ సర్దుకుంటుంటే దారికి అడ్డం నిలబడి ఇంకో ప్రశ్న అడిగాడు. యాభై దాటాక పుట్టే ఇష్టాలు ఇంతే, ఒక పట్టాన వదలవు.

ఆ సాయంత్రం అన్నాల దగ్గర ఇంట్లోవాళ్లకు పాఠం మొదలుపెట్టాడు. ఇంట్లో ఉండేది ముగ్గురే. ఆయన, భార్య, వదిన. బాబాయి మంచినీళ్ల గ్లాసు ఒకటి బోర్లించి, దాని పక్కన వరసగా నాలుగు గిన్నెలు పేర్చాడు.

"ఈ గ్లాసు కంటి డబ్బా. పైకప్పుకి బిగిస్తాం. కింద మనిషి కదిలితే చూస్తుంది. చూడగానే 'మనిషొచ్చాడు, వెలగండి' అని గాల్లోనే కబురు పెడుతుంది."

"ఎవరికి?" అంది భార్య.

"ఈ గిన్నెలకి. ఇవి చెవి డబ్బాలు. లైటుకి ఒకటి చొప్పున పెడతాం. వీటికి కళ్లుండవు, కంటి డబ్బా నుంచి తీగ కూడా రాదు. కరెంటు ఒక్కటి ఇస్తే చాలు, కబురు వింటాయి, తమ లైటు వెలిగిస్తాయి, అదే కబురు పక్కదానికి చెప్తాయి. అది దాని పక్కదానికి చెప్తుంది. అలా ఎంత దూరమైనా పోతుంది. చాలకపోతే ఇంకో గిన్నె పెట్టుకోవడమే."

"అంటే సొంత బుద్ధి లేదన్నమాట. ఎవరో వెలగమంటే వెలగడం, ఆరిపొమ్మంటే ఆరిపోవడం."

"లేదు. అందుకే వాటితో ఏ గొడవా లేదు," అన్నాడు బాబాయి, భార్య వైపు చూడకుండా.

వదిన పకపకా నవ్వింది. "గోడలకి చెవులుంటాయని వినడమే గానీ, పెట్టేవాణ్ణి ఇప్పుడే చూస్తున్నా. ముందు ఆ గిన్నెలు ఇటివ్వు అబ్బాయ్, కూర అందులో ఉంది."

ఈ వదిన గురించి చెప్పకపోతే బాబాయి గురించి సగమే చెప్పినట్టు. ఆమె ఆ ఇంటికి కోడలిగా వచ్చేటప్పటికి ఆయనకు తొమ్మిదేళ్లు. తల్లి అప్పటికే పోయింది. పద్దెనిమిదేళ్ల వదిన వచ్చీ రాగానే ఆ పిల్లాడి తల దువ్వి, గోళ్లు తీసి, చిరిగిపోయిన లెక్కల పుస్తకం కుట్టిపెట్టింది. ఆమె తండ్రి పుస్తకాలు కుట్టి అట్టలు వేసే మనిషి, ఆ పని ఆమెకు అలా పట్టుబడింది. ఏడేళ్లు తిరిగేసరికి బాబాయి అన్న జబ్బు చేసి పోయాడు. ఇంట్లో మిగిలింది పాతికేళ్ల వదిన, పదహారేళ్ల మరిది. పుట్టింటికి వెళ్లిపొమ్మని చుట్టాలందరూ సలహా ఇచ్చారు. సలహా ఇవ్వడానికి ఏముంది, ఖర్చా? "మరి వీణ్ణి ఎవరికి అప్పజెప్పి పొమ్మంటారు?" అని ఆమె అడిగితే మాత్రం ఎవరికి వాళ్లకు ఏదో పని గుర్తొచ్చింది. ఆమె వెళ్లి ఊళ్లోని పెద్ద లైబ్రరీలో చిరిగిన పుస్తకాలు కుట్టే పనిలో చేరింది. మరిదిని ఎలక్ట్రీషియన్ దగ్గర పెట్టింది. ఆయన పెళ్లికి పిల్లను చూసిందీ ఆమే, "వీడికి టెస్టరు పిచ్చి ఉందమ్మా, ముందే చెప్తున్నా" అని ఆ పిల్లకు చెప్పిందీ ఆమే. అమ్మా అనాల్సిన చోటల్లా బాబాయి వదినా అంటాడు, అంతే తేడా.

ఆ లైబ్రరీలో ఆమెది పర్మినెంటు ఉద్యోగం కాదు. అందుకని రిటైర్మెంటూ లేదు. నేలమాళిగలో బైండింగ్ గది ఉన్నన్నాళ్లూ ఆమెకు పని ఉంటుంది, గది తీసేస్తే పని పోతుంది. ముప్ఫై ఎనిమిదేళ్లుగా గది అలాగే ఉంది, ఆమె అలాగే ఉంది. అరవై మూడేళ్లొచ్చినా పొద్దున తొమ్మిదికల్లా క్యారియర్ పట్టుకుని బయలుదేరుతుంది. ఇంటి పట్టున ఉండమని బాబాయి ఒకసారి అన్నాడు. "ఇంట్లో కూర్చోబెట్టి నన్ను కూడా అట్ట వేసి అల్మారాలో పెడతావా?" అని ఆమె అడిగేసరికి మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఇంతలో కంపెనీకి ఓ కాంట్రాక్టు వచ్చింది. అది ఆ లైబ్రరీదే. మూడంతస్తుల పాత రాతి భవనం మొత్తానికి రేడియో లైట్లు. బాబాయి ఆనందానికి పట్టపగ్గాల్లేవు. తాను పని చేసే చోట వదిన ఉంటుంది, వదిన పని చేసే చోట తాను ఉంటాడు, ఇద్దరూ ఒకే క్యారియర్ విప్పుకోవచ్చు.

ప్లాను కాగితం చూశాక ఆ ఆనందం కాస్త చప్పబడింది. పై అంతస్తుల్లో ప్రతి గదికీ కంటి డబ్బా రాశారు. బైండింగ్ గది దగ్గర మాత్రం 'గోడౌన్' అని రాసి, ఒక చెవి డబ్బాతో సరిపెట్టారు. నడవలో ఎవరైనా తిరిగినప్పుడు నడవ లైటుతోపాటే గది లైటూ వెలుగుతుందట.

"అది గోడౌన్ కాదు సార్, మా వదిన గది," అన్నాడు బాబాయి కంపెనీ ఇంజనీరుతో. "నడవలో మనుషులు తిరిగితేనే ఆవిడకి వెలుగా? ఆవిడ గదికి సొంత కన్ను ఉండాలి." ఇంజనీరు చెవిలో ఇల్లు కట్టుకుని పోరాడు. నాలుగో రోజు ఆ ఇంజనీరు విసిగిపోయి, మిగిలిన కంటి డబ్బా ఒకటి ఆయన చేతిలో పెట్టాడు.

దాన్ని బాబాయి తన చేతులతోనే, తలుపుకు ఎదురుగా పైకప్పుకు బిగించాడు. మర్నాడు పొద్దున వదిన ఇనుప తలుపు తోసి అడుగు పెట్టగానే గదంతా తెల్లటి వెలుగు వచ్చింది. ఆమె ఉలిక్కిపడి, వెనక్కి వెళ్లి, మళ్లీ లోపలికి వచ్చి చూసింది. "నేనొచ్చానని దానికి తెలిసిందే!" అంది. "తెలుస్తుంది వదినా. పై అంతస్తులో ఆఫీసర్లకి పెట్టినదే నీకూ పెట్టా," అన్నాడు బాబాయి. ఆ మాట ఆయన వారం రోజులపాటు కనిపించిన ప్రతివాడికీ చెప్పాడు. వాచ్‌మన్‌కైతే మూడుసార్లు చెప్పాడు.

రెండు నెలలు గడిచాయి. పని పూర్తయింది, ఇక లైబ్రరీకి అప్పజెప్పడమే మిగిలింది. ఆ సోమవారం లైబ్రేరియన్ మేడమ్ బాబాయిని పైకి పిలిపించింది. ఆమె వచ్చి ఆర్నెల్లయింది. నలభై అయిదేళ్లుంటాయి, గట్టి మనిషి, కాగితం చూడనిదే మాట నమ్మదు. చెడ్డదేమీ కాదు. ఎప్పుడో కట్టిన భవనంలో ఉన్న గదులు చాలక, పుస్తకాలు నేలమీద పేర్చుకుంటూ తల పట్టుకున్న మనిషి. ఆమె ముందు కంప్యూటరు కాగితాలు ఉన్నాయి. కంటి డబ్బాలు చూసినదంతా ఎప్పటికప్పుడు రాసి పెడతాయి, ఏ గదిలో మనుషులు ఎంతసేపు ఉన్నారో రెండు నెలల లెక్క అందులో ఉంది.

"మీ వాళ్ల మీద మాట అనాలని కాదు బాబాయ్ గారూ," అంది మేడమ్. "బైండింగ్ గది చూడండి. రోజుకి నలభై నిమిషాలు, మహా అయితే యాభై. మిగతా రోజంతా గదిలో ఎవరూ లేరు. ఆ గది మూసేసి పుస్తకాలకి వాడుకుంటాం, బైండింగ్ బయట చేయించుకుంటాం. శుక్రవారం అయిదింటికి కమిటీకి కాగితం పంపాలి."

"ఆవిడ పొద్దున తొమ్మిదిన్నర నుంచి అయిదింటిదాకా అక్కడే ఉంటుంది మేడమ్!"

"నేను అంటున్న మాట కాదు. మీరు పెట్టిన యంత్రమే చెప్తోంది."

బాబాయి ఆ కాగితాలు తిరగేసి చూశాడు. ఆ యంత్రం అబద్ధం చెప్పదని ఆర్నెల్లుగా ఊరందరికీ చెప్పింది తానే. మెట్లు దిగుతుంటే ఆయనకు ఓ పాడు ఆలోచన వచ్చింది. వదిన రోజూ ఎక్కడికి వెళుతోంది? ఒంట్లో బాగాలేక ఎక్కడైనా పడుకుంటోందా? పని చేతకాక తప్పించుకు తిరుగుతోందా? ఆ చివరి ప్రశ్న తన బుర్రలోకి వచ్చినందుకు ఆయన తర్వాత చాలా రోజులు సిగ్గుపడ్డాడు. పెంచిన మనిషి కంటే పైకప్పుకు బిగించిన డబ్బాను ఎక్కువ నమ్మిన ఆ అరనిమిషాన్ని తలుచుకుంటే ఆయనకు ఇప్పటికీ తల వాలిపోతుంది.

నడవ చివర ఇనుప తలుపు తోశాడు. లోపల చీకటి. ఎవరూ లేరు. ఆయన ఇంకో అడుగు వేయగానే పైన లైటు వెలిగింది. ఎదురుగా, పళ్లెమంత వెంటిలేటరు కింద, తలుపు వైపు వీపు పెట్టుకుని వదిన కూర్చుని ఉంది. ఒళ్లో పుస్తకం, చేతిలో సూది, పంటి కింద మైనం రాసిన దారం.

"ఎవరూ?" అని వెనక్కి తిరిగి చూసింది. "నువ్వా అబ్బాయ్? ఈవేళప్పుడు వచ్చావేం? ఆకలేసిందా?"

"చీకట్లో ఏం చేస్తున్నావ్ వదినా?"

"చీకటేముంది, ఆ సందులోంచి కాస్త వెలుతురు వస్తూనే ఉంది. చేతికి అలవాటేగా."

బాబాయి గది మధ్యలో నిలబడి పైకప్పు వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. ముప్ఫై ఏళ్ల పనివాడు, అర్థం కావడానికి ఎంతసేపు? కంటి డబ్బా మనిషిని చూడదు, ఒంటి వేడి అటూ ఇటూ కదలడాన్ని చూస్తుంది. పది నిమిషాలు కదలిక లేకపోతే గది ఖాళీ అనుకుని లైటు ఆర్పేస్తుంది. లైబ్రరీలో అందరూ లేస్తారు, తిరుగుతారు, ఒళ్లు విరుచుకుంటారు. వదిన పనిలో కూర్చుందంటే రెండు గంటలు కదలదు. కదిలేవి వేళ్లే, అవి కూడా ఆమె ఒళ్లో, ఆమె భుజాల చాటున. పై నుంచి చూసే కంటికి ఆమె ఒక కుర్చీతో సమానం. ఎంత శ్రద్ధగా పని చేస్తే అంతగా లేనట్టే లెక్క.

"ఎన్నాళ్లుగా ఇలా?"

"నువ్వు పెట్టిన రోజు నుంచే. మొదట్లో ఆరినప్పుడల్లా చెయ్యి ఊపేదాన్ని. ఊపితే కుట్టు జారిపోతుంది, సూది గుచ్చుకుంటుంది. ఎన్నిసార్లని ఊపుతాం? పోన్లే అని వదిలేశా."

"నాకెందుకు చెప్పలేదు?"

వదిన దారం తెంపి, తల వంచుకునే చెప్పింది. "ఎంత ముచ్చటపడి పెట్టావు. ఆఫీసర్లకి పెట్టినదే నాకూ పెట్టానని ఊరంతా చెప్పుకున్నావు. అది నాకు పనికిరాలేదని నీకెలా చెప్పను?"

ఆమె ఎడమచేతి వేళ్ల చివర్లు చిన్న చిన్న సూదిపోట్లతో నల్లగా ఉన్నాయి. రెండు నెలలుగా ఒకే కంచాల వరసలో కూర్చుని అన్నం తింటున్నా బాబాయి ఆ వేళ్లు చూడలేదు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది, ఆ మూల పాత స్విచ్చి ఉన్నా ఆమెకు వెలుగు ఉండేది. ప్రేమతో తాను చేసిన పనే ఆమె మీద సాక్ష్యం చెప్పి గదికి తాళం వేయించబోతోంది. ఆయన అక్కడున్న బల్ల మీద కూలబడి, మేడమ్ చెప్పిందంతా చెప్పాడు. వదిన సూదిని దారపు ఉండకి గుచ్చి పక్కన పెట్టింది. తర్వాత, "తీసేస్తారా?" అని మాత్రం అడిగింది. ఆ గొంతు అంత చిన్నగా ఉండటం ఆయన ఎప్పుడూ వినలేదు.

బాబాయి తిన్నగా పైకి వెళ్లాడు. "ఆ లెక్క తప్పు మేడమ్. తప్పు వదినది కాదు, నాది," అని మొదలుపెట్టి అంతా చెప్పాడు. కంపెనీ చెవిన పడితే పని అప్పజెప్పే ముందు తన పేరు పోతుందని తెలిసే చెప్పాడు.

మేడమ్ కళ్లజోడు తీసింది. "భవనమంతా కరెక్టుగా ఉన్న లెక్క మీ వదిన గారి దగ్గర మాత్రం తప్పిందంటున్నారు. నన్ను నమ్మమంటే ఎలాగండీ?"

"నమ్మొద్దు. వచ్చి కూర్చోండి."

ఏమనుకుందో, వచ్చింది. వదిన కంగారుగా చీర కొంగుతో స్టూలు తుడిచి వేసింది. "మీ పని మీరు చేసుకోండమ్మా," అంది మేడమ్. వదిన సూది అందుకుంది. బల్లమీద ఎనిమిది సంపుటాల పాత పుస్తకం ఉంది, చెట్ల మీద, మొక్కల మీద ఎవరో జీవితాంతం కూర్చుని రాసింది, ప్రతి పేజీలో చేత్తో రంగులు వేసిన బొమ్మలు. మూడు సంపుటాలు కుట్టడం అయింది, అయిదు మిగిలి ఉన్నాయి. మేడమ్ ఊరికే కూర్చోలేక పూర్తయిన సంపుటం ఒకటి తెరిచింది. ఒక ఆకు బొమ్మ దగ్గర ఆగింది. ఇంకో పేజీ తిప్పింది, అక్కడ ఒక వేరు బొమ్మ దగ్గర చూపు నిలిచిపోయింది. పుస్తకాల మధ్య ఉద్యోగం చేసేవాళ్లకు చదివే తీరిక ఎక్కడిది? ఎన్నాళ్లకో చిక్కిన తీరిక కాబోలు, మనిషి కదలడం మానేసింది.

టప్పున లైటు ఆరిపోయింది.

"అయ్యో, చదువుతున్నా కదా!" అంది మేడమ్ చీకట్లోంచి.

"లేవకండి మేడమ్," అంది వదిన గొంతు నెమ్మదిగా. "మీ మోచేతి పక్కనే సూది ఉంది. అలవాటు లేనివాళ్లకి గుచ్చుకుంటుంది."

తలుపు బయట నడవలో బాబాయి కదలకుండా నిలబడి వింటున్నాడు. కాసేపటికి చీకట్లో మేడమ్ నవ్వు వినిపించింది. "అంటే నేను కూడా లేనన్నమాట," అంది.

అయితే ఆమె నవ్వినంత మాత్రాన కాగితం మారదు. పైకి వెళ్లాక ఖచ్చితంగా చెప్పింది. లైట్ల లెక్కలోకి రాని గది భవనంలో ఉండటానికి వీల్లేదు, విడిగా స్విచ్చి పెట్టినా కమిటీ ఒప్పుకోదు. బాబాయి రేడియో పద్ధతిలోనే ఆ గదికి ఆరని వెలుగు తేవాలి. శుక్రవారం సాయంత్రం అయిదింటికల్లా మిగిలిన అయిదు సంపుటాలూ తన బల్లమీద ఉండాలి. అవి చేతిలో ఉంటే, గది వాడుకలో ఉందని తాను రాస్తుంది. లేకపోతే ఏం చూపించి రాయమంటారు?

బాబాయి ఆ రోజే నిచ్చెన వేసి తన కంటి డబ్బాను తానే ఊడదీశాడు. దాన్ని జేబులో వేసుకుంటుంటే వదిన అంది. "బాధపడకు అబ్బాయ్. మంచి డబ్బానే. నాలాంటి దాన్ని చూసి ఉండదు, అంతే."

ఆయన ఆలోచన మామూలుదే. వదినకు కన్ను అక్కర్లేదు, చెవి చాలు. లైబ్రరీలో ఎప్పుడూ కదలిక ఉండే చోటు పై అంతస్తులోని చదువుల హాలు. పొద్దున తెరిచింది మొదలు మూసేదాకా ఎవరో ఒకరు కుర్చీ జరుపుతారు, పుస్తకం కోసం లేస్తారు. వదిన గది లైటుకు ఒక చెవి డబ్బా పెట్టి, ఆ హాలు కంటితో జత కలిపితే సరి. హాల్లో చదివేవాళ్లు ఉన్నంతసేపూ కింద కుట్టేవాళ్లకు వెలుగు ఉంటుంది.

చెప్పడం తేలిక. హాలుకూ నేలమాళిగకూ మధ్య మూరన్నర మందం రాతి గోడలు. కబురు మెట్ల దగ్గరే ఆగిపోయింది. బాబాయి మెట్ల మొదట్లో లైటుకు ఒక చెవి డబ్బా, మెట్ల మలుపులో ఒకటి, నడవలో ఒకటి పెట్టుకుంటూ దిగాడు. ఒకటి విని ఒకటి చెబుతూ కబురు నడవ చివరిదాకా వచ్చింది. ఇనుప తలుపు దగ్గర మళ్లీ ఆగింది. బుధవారం మధ్యాహ్నం దాకా ఆ తలుపుతో తగువే. ఆఖరికి నడవ డబ్బాను తలుపు మీదున్న అద్దం పలకకు ఎదురుగా మార్చి, హాల్లోకి పరుగెత్తి నాలుగడుగులు వేసి, మెట్ల మీద నుంచి "వచ్చిందా?" అని కేకేశాడు. "వచ్చిందీ!" అని నేలమాళిగ నుంచి వదిన కేక. లైబ్రరీలో కేకలేమిటని వాచ్‌మన్ వేలు మూతిమీద పెట్టుకుని వచ్చి, సంగతి విని, "వచ్చిందా?" అని తానూ గట్టిగానే అడిగాడు.

గురువారం పని అప్పజెప్పారు. కంపెనీ పద్ధతి ప్రకారం ఆ క్షణం నుంచి బాబాయి ఫోనులోంచి ఆ లైట్ల జతలు మార్చే వీలు పోయింది, ఇక మార్పులు చేసేది ఇంజనీరు ఒక్కడే. శుక్రవారం మధ్యాహ్నానికి ఏడు సంపుటాలు అయ్యాయి. ఎనిమిదోది కాగితాల మడతలన్నీ విడిపోయి అన్నిటికంటే పాడైన పుస్తకం, వదిన క్యారియర్ కూడా విప్పకుండా దానిమీద కూర్చుంది.

రెండున్నరకు వాన మొదలైంది. మామూలు వాన కాదు, కిటికీలు కొట్టుకునే వాన. హాల్లో ఉన్న పదకొండుమందీ ఒకళ్లనొకళ్లు చూసుకుని, పుస్తకాలు మూసి, ఉన్న ఒకటి రెండు గొడుగుల కింద దూరి బయటపడ్డారు. మూడయ్యేసరికి హాల్లో మిగిలింది మొహమ్మీద పేపరు వేసుకుని నిద్రపోతున్న పెద్దాయన ఒక్కడే. కంటి డబ్బా లెక్కలో ఆయన ఉన్నా లేనట్టే. వదినను ఇంటికి తీసుకెళ్దామని వచ్చిన బాబాయి గుమ్మంలో నిలబడి ఖాళీ కుర్చీలు చూశాడు. ఇంజనీరుకు ఫోను చేశాడు, ఎత్తలేదు. మళ్లీ చేశాడు, స్విచాఫ్. కిందికి వెళ్లి వదిన గదిలో గెంతినా లాభం లేదు, ఆ గదికి ఇప్పుడు కన్ను లేదు. హాల్లో తానే తిరుగుతానని ఆమెకు చెబితే, ఆ మోకాలితో వద్దు, పుస్తకం పోతే పోయిందని సూది పక్కన పెట్టేస్తుంది.

ఆయన చెప్పులు విడిచి, బల్లల మధ్య నడవడం మొదలుపెట్టాడు.

ఆ చివరి నుంచి ఈ చివరికి ముప్ఫై రెండు అడుగులు. కాలికి బలపం కట్టుకుని తిరిగినట్టు తిరిగాడు. కుడి మోకాలు ఆయనకు నాలుగేళ్లుగా పేచీ పెడుతోంది, అరగంటకే గొడవ మొదలుపెట్టింది. మోకాలి మీద చెయ్యి ఆన్చి నడిచాడు. పెద్దాయన ఒకసారి పేపరు తీసి చూసి, ఇదేదో కల అనుకుని మళ్లీ కప్పుకున్నాడు.

నాలుగూ పదికి మేడమ్ కమిటీ కాగితం పట్టుకుని హాల్లోకి వచ్చింది. కాసేపు గుమ్మంలోనే నిలబడి చూసింది.

"ఏం చేస్తున్నారు బాబాయ్ గారూ?"

"కింద వదిన ఆఖరి సంపుటం కుడుతోంది మేడమ్. ఇక్కడ ఎవరూ కదలకపోతే అక్కడ ఆరిపోతుంది."

"పది నిమిషాలకి ఒకసారి తిరిగితే చాలు కదా? మీరే చెప్పారు."

"చాలు మేడమ్." బాబాయి ఆగకుండానే చెప్పాడు. "కానీ మొన్న కూడా యంత్రం చూసుకుంటుందిలే అని నేను పోయి హాయిగా కూర్చున్నా. రెండు నెలలు ఆవిడ చీకట్లో కుట్టింది. ఇంక నాకు కూర్చోబుద్ధి కావట్లేదు."

ఆయన ఇంకో చుట్టు తిరిగి వచ్చేసరికి దారిలో అడ్డంగా కుర్చీ వేసి ఉంది. "కూర్చోండి," అంది ఆమె. "కాలు ఈడుస్తున్నారు. నేను తిరుగుతా." బాబాయి వద్దనబోయాడు గానీ ఆమె అప్పటికే కాగితం చేత్తో పట్టుకుని, రెండో వరసలోంచి చకచకా నడిచిపోతోంది.

అయిదుకు పది నిమిషాలున్నాయనగా వదిన మెట్లెక్కి వచ్చింది. చేతిలో ఎనిమిదో సంపుటం, వేళ్లకు ఆరని జిగురు. మేడమ్ బల్లల మధ్య తల వంచుకుని అటూ ఇటూ తిరగడం చూసి కంగారుపడింది.

"ఏం పడేసుకున్నారు మేడమ్? ఉండండి, నేనూ వెతుకుతా," అంటూ పుస్తకం బల్లమీద పెట్టి వంగింది.

మేడమ్ గబగబా వచ్చి ఆమె భుజం పట్టుకుని లేవదీసింది. "ఏమీ పడలేదమ్మా. మీ గదిలో లైటు ఆరలేదు కదా?"

"ఒక్కసారి కూడా ఆరలేదు మేడమ్," అంది వదిన సంబరంగా. "ఇంత వానలో కూడా పైన జనం బాగా ఉన్నట్టున్నారు."

అంటూనే హాలంతా చూసింది. వరసగా ఖాళీ కుర్చీలు, పేపరు కింద నిద్రపోతున్న పెద్దాయన, మోకాలు రుద్దుకుంటున్న మరిది. ఆయన కాళ్ల కింద గచ్చుమీద చెమట పాదాల గుర్తులు ఆ చివర నుంచి ఈ చివరిదాకా ఉన్నాయి.

మేడమ్ బల్ల దగ్గర నిలబడే కాగితం మీద ఒక వాక్యం కొట్టేసి, దాని పక్కన 'బైండింగ్ గది వాడుకలో ఉంది, ఉంచాలి' అని రాసి సంతకం పెట్టింది. వదిన అది చదవలేదు. ఆమె మరిది పక్కన కూర్చుని, జిగురు చేతులు పైకి పట్టుకుని, మణికట్టుతో కళ్లు తుడుచుకుంటోంది.

"పద అబ్బాయ్, ఇంటికి పోదాం," అంది కాసేపటికి. "మోకాలికి వేణ్నీళ్ల కాపడం పెడతా."